మా మాట రాసుకున్నరా సారూ?

చేవెళ్ల ఎర్రనేలలో క్యారెట్ విత్తితే చేతికి రావడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. మొయినాబాద్ వైపు బంతినారు నాటినా పూలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపాలంటే రెండు నెలలు ఆగాలి. ఆ పొలం మీదుగానే జాతీయ రహదారి వస్తుందని గెజిట్‌లో పడిందనుకుందాం. ‘నాకు అభ్యంతరం ఉంది’ అని చెప్పుకోవడానికి రైతుకు దొరికేది 21 రోజులు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని 3సీ సెక్షన్ పెట్టిన గడువు అది. పక్కన పరిశ్రమ వస్తుంటే పర్యావరణ అనుమతికి జరిపే ప్రజాభిప్రాయ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2013 భూసేకరణ చట్టం కిందైతే అభ్యంతరాలకు 60 రోజులు.

ఈ రోజుల లెక్క తెలిసిన రైతులు తక్కువ. వానలు, మార్కెట్ ధరలు, కూలీల రోజులు వేళ్ల మీద లెక్కపెట్టే మనిషికి గెజిట్ తేదీ మాత్రం తెలియదు. నోటీసు పేపర్లో లోపలి పేజీలో, సర్వే నంబర్ల వరుసల కింద, కళ్లజోడు పెట్టుకున్నా కనబడనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. చివర్లో ఒక వాక్యం: అభ్యంతరాలు, సలహాలు ఉన్నవారు గడువులోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.

ప్రజాస్వామ్యంలో ఓటు తర్వాత సామాన్యుడి చేతికి దొరికే గట్టి పనిముట్టు ఆ ఒక్క వాక్యమే. దాన్ని ఎలా అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, విన్నాక ఏం చేస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతకాలంటే హైదరాబాద్ పడమటి అంచున ఉన్న చేవెళ్ల, మొయినాబాద్‌ల కన్నా మంచి చోటు దొరకదు. ఇక్కడ ఒక రోడ్డు ఉంది, రెండు చెరువులు ఉన్నాయి, 84 ఊళ్లు ఉన్నాయి.

మర్రులనూ అడగలేదు, బస్సెక్కేవాళ్లనూ అడగలేదు

అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడకు వెళ్లే దారిని పాతతరం ఇప్పటికీ బీజాపూర్ రోడ్డనే అంటుంది. నిజాం కాలంలో బాటసారులకు నీడ కోసం నాటిన మర్రిచెట్లు దానికి రెండు వైపులా గొడుగులు పట్టి నిలబడ్డాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ప్రకృతి ప్రేమికులు ఒక్కో చెట్టు దగ్గరకూ వెళ్లి కొలిచి, జియోట్యాగ్ చేసి లెక్కతీస్తే తొమ్మిది వందలకు పైగా తేలాయి. మండువేసవిలో ఆ నీడలోకి వచ్చినప్పుడు బండి మీద వెళ్లేవారికి ఒక్కసారిగా తెలిసే చల్లదనం ఏ అంచనా వ్యయంలోనూ చేరదు.

అదే రోడ్డు మరోవైపు ప్రాణాలు తీస్తోంది. రెండు వరుసల దారి, ఎదురెదురుగా టిప్పర్లు, బస్సులు, పూల ఆటోలు, వారాంతంలో ఫాంహౌస్‌లకు వెళ్లే కార్లు. 46 కిలోమీటర్ల ఈ భాగాన్ని నాలుగు వరుసలుగా విస్తరించే పనికి 2022లో శంకుస్థాపన జరిగింది. చెట్ల కోసం వేసిన కేసు జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచి ముందు ఏళ్ల తరబడి నడిచింది. అత్యధిక చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన వాటిని వేళ్లతో సహా తరలించి నాటే ప్రణాళికతో 2025 అక్టోబరు చివర్లో దారి సుగమమైంది. కొద్ది రోజులకే, నవంబరు 3 ఉదయం, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. తాండూరు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఆ బస్సు ప్రమాదంలో 19 మంది ప్రాణాలు పోయాయి. కంకర కింద కూరుకుపోయిన ఆ బస్సు దృశ్యం ఈ ప్రాంతంలో ఎవరికీ మరుపురాదు.

ఆ దుఃఖంలో కోపం మర్రుల మీదికీ, వాటి కోసం కోర్టుకు వెళ్లినవారి మీదికీ మళ్లింది. కోపం సహజం. అయితే ఆ ఏళ్లు అలా ఎందుకు గడిచాయో కూడా చూడాలి.

రహదారుల చట్టం 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇచ్చేది ఆ భూమితో సంబంధం ఉన్నవారికి మాత్రమే. అంటే పొలం పోయే రైతు అర్జీ పెట్టుకోవచ్చు. రోజూ ఆ దారిలో కాలేజీకి వెళ్లే అమ్మాయికి, బస్సు నడిపే డ్రైవరుకు, మర్రినీడలో జామకాయలు అమ్ముకునే అవ్వకు అక్కడ చోటు లేదు. ఇక పర్యావరణ అనుమతుల దారి చూద్దాం. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కానీ 2013లో కేంద్రం చేసిన సవరణ ప్రకారం ఉన్న జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటితేనే, అదనంగా తీసుకునే వెడల్పు నిర్ణీత హద్దు మించితేనే ముందస్తు అనుమతి కావాలి. 46 కిలోమీటర్ల రోడ్డు ఆ జాబితాలోకే రాదు. కాబట్టి చేవెళ్లలో షామియానా వేసి, కలెక్టర్ అధ్యక్షతన, మైకు పెట్టి అందరి మాటా వినాల్సిన అవసరం చట్టప్రకారం ఏర్పడలేదు.

ఆ సభ ఒక్కటి మొదట్లోనే జరిగి ఉంటే? చెట్లు కావాలన్నవాళ్లు, రోడ్డు వెడల్పు కావాలన్నవాళ్లు ఒకే షామియానా కింద ఎదురెదురుగా కూర్చునేవారు. చివరికి ట్రైబ్యునల్లో కుదిరిన పరిష్కారం గాల్లోంచి ఊడిపడింది కాదు. చెట్ల వరుసను మధ్యలోనో పక్కనో వదిలి రోడ్డును కాస్త జరపడం ఇంజినీర్లు ఎప్పుడైనా గీయగల గీతే. ఆ గీత ముందే గీసి ఉంటే పని ముందే మొదలయ్యేది. ప్రజలను అడిగితే ఆలస్యమవుతుందని అనుకునే ప్రతి అధికారీ ఈ 46 కిలోమీటర్లూ ఒకసారి నెమ్మదిగా ప్రయాణించి రావాలి.

ట్రిపుల్ వన్ కింద 84 ఊళ్లు

మొయినాబాద్‌లో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా పది నిమిషాల్లో వచ్చే మాట ‘ట్రిపుల్ వన్ జీవో’. 1996 మార్చి 8న వచ్చిన ఉత్తర్వు అది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదని అది చెప్పింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, రాజేంద్రనగర్ తదితర మండలాల్లోని 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి.

ఆ రెండు జలాశయాలకు ఒక పెద్ద దుఃఖం పునాది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసి, దాదాపు పదిహేను వేల మందిని పొట్టనబెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. వరదను ఆపడానికి పుట్టిన చెరువులు నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి.

చెరువును కాపాడే భారం మాత్రం ఎగువ ఊళ్ల నెత్తిన పడింది. పక్కనే నార్సింగి, కోకాపేటలో ఎకరం ధర ఆకాశంలో ఉంటే, గట్టు ఇవతల అదే నేలకు ‘బయో కన్జర్వేషన్ జోన్’ అన్న ముద్ర. ఆడపిల్ల పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే ఆ ధర రాదు, కొడుక్కి ఇంకో అంతస్తు వేద్దామంటే నిబంధన అడ్డు. పొలం పొలంగానే ఉంచమని అడిగిన నగరం ఆ పొలానికి ఏమిచ్చింది అన్న వారి ప్రశ్న న్యాయమైనదే. జీవో ఎత్తేయాలని పంచాయతీలు తీర్మానాలు చేసింది ఈ బాధతోనే.

2022 ఏప్రిల్ 12న అప్పటి ప్రభుత్వం జీవో 69 తెచ్చి 111 ఆంక్షలను తొలగిస్తున్నట్టు చెప్పింది. నగర తాగునీటిలో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతంలోపేనని కారణం చూపింది. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. రైతుల ఇళ్లలో సంబరం, దిగువన ఆందోళన. 1.25 శాతం అన్న లెక్క కుళాయికి సరిపోతుంది, వరదకు సరిపోదు. 2025 సెప్టెంబరు చివర్లో ఈ జలాశయాల గేట్లెత్తితే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చేశాయి. ఎగువన నేల ఎంత నీటిని పీల్చుకుంటే దిగువన అంత భద్రత.

ఇందులో మౌలికమైన లోపం ఒకటి ఉంది. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. బిల్లులా శాసనసభలో చర్చకు రాదు. ముందు ముసాయిదాగా జనం ముందు పెట్టాలన్న నియమమూ దానికి లేదు. 84 ఊళ్ల బతుకును కట్టేసిన ఉత్తర్వైనా, దాన్ని విప్పేసే ఉత్తర్వైనా సచివాలయంలో ఒక సంతకంతో వస్తుంది. రైతుకు నష్టపరిహారం ఇచ్చి పొలాలను పొలాలుగా ఉంచే దారి ఉందా, నిర్మాణ హక్కులను మరోచోట వాడుకునే వీలు కల్పించవచ్చా, చెరువు పూర్తి నీటిమట్టానికి (ఎఫ్‌టీఎల్) దూరంగా ఉన్న ఊళ్లకు కొంత సడలింపు ఇవ్వవచ్చా అన్న మధ్యేమార్గాలు బయటికి రావాలంటే ఎగువ ఊరినీ దిగువ బస్తీనీ కలిపి కూర్చోబెట్టే ప్రక్రియ కావాలి. అది లేనందువల్లే చర్చ ‘ఉంచాలా, ఎత్తేయాలా’ అన్న రెండు ముక్కల దగ్గర ఆగిపోయింది.

ఆముదం ఫ్యాక్టరీ నేర్పిన పాఠం

శాస్త్రం ఒకటి చెప్పి, ప్రభుత్వం ఇంకొకటి చేస్తే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఈ పరీవాహక ప్రాంతంలోనే పుట్టింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో సురానా ఆయిల్స్ సంస్థ 1995లో స్థలం కొని ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోయింది. జలాశయాలకు 10 కిలోమీటర్లలోపు వద్దని నిషేధం ఉండగా, 1997లో రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. అప్పిలేట్ అథారిటీ అవునంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి, కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసుగా దేశమంతా న్యాయవిద్యార్థులు చదువుకునే తీర్పైంది.

జస్టిస్ ఎం.జగన్నాథరావు 1999 జనవరి 27న ఇచ్చిన ఆ తీర్పులో శాస్త్రం ఎంత అనిశ్చితమైనదో, జడ్జీలకు నిపుణుల అండ ఎంత అవసరమో వివరంగా రాశారు. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవారిదే తప్ప నీళ్లు తాగేవారిది కాదని తేల్చారు. 2000 డిసెంబరులో తుది తీర్పు కూడా మండలి వైపే వచ్చింది. నిపుణుల మాటకు కూడా పరీక్ష ఉండాలన్న ఆలోచన ఆ తీర్పులో అడుగడుగునా కనిపిస్తుంది.

అమెరికాలో ఆ పరీక్షను మామూలు మనుషుల దాకా తెచ్చారు. అక్కడ 1946 నాటి పాలనాప్రక్రియ చట్టం ప్రకారం నిబంధన చేయబోయే సంస్థ ముందుగా ముసాయిదా ప్రకటించి, ఎవరు రాసినా తీసుకోవాలి. ఏ సముద్రంలో ఎన్ని టన్నుల చేపలు పట్టవచ్చో నిర్ణయించే కోటాలూ అలాగే వస్తాయి. 1976 చట్టంతో ఏర్పడిన ఎనిమిది ప్రాంతీయ మత్స్య మండళ్లలో పడవ యజమానులూ, శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వేలిముద్రలు, తుపాకీ గుండ్ల గుర్తులు, రక్తపు మరకలు ఎలా పరీక్షించాలన్న ఫోరెన్సిక్ ప్రమాణాల ముసాయిదాల మీదా జనం అభిప్రాయాలు తీసుకుంటారు. ల్యాబుల్లో వాడే కొన్ని పోలికల పద్ధతులకు శాస్త్రీయ పునాది బలహీనంగా ఉందని 2009లో అక్కడి జాతీయ సైన్సు అకాడమీ నివేదిక బయటపెట్టాకే ఆ తలుపు తెరుచుకుంది. చేపల కోటా వంటి ప్రభుత్వ నిబంధనైతే, ముఖ్యమైన అభ్యంతరం వస్తే దానికి సంస్థ జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే కోర్టు ఆ నిబంధనను కొట్టేయగలదు.

చేవెళ్ల పోలీస్ స్టేషన్‌కూ ఈ సంగతితో సంబంధం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలి. ఇలాంటి కొత్త క్రిమినల్ చట్టాల కోసం 2020 మేలో కేంద్రం వేసిన కమిటీ కరోనా లాక్‌డౌన్ల నడుమ ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు అడిగింది. ఆ ప్రశ్నావళి ఇంగ్లిషులో. రేపు ఏ కేసులోనైనా సాక్షిగా నిలబడాల్సిన పల్లెటూరి మనిషికి ఆ ప్రశ్న అడిగినట్టే తెలియదు.

భాష అనేది ఇందులో సగం. 2020 మార్చిలో వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా ప్రజాభిప్రాయ సభల నోటీసును 30 రోజుల నుంచి 20 రోజులకు కుదించాలని ప్రతిపాదించింది. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. లక్షల సంఖ్యలో అభిప్రాయాలు వెల్లువెత్తాయి. ఆ ముసాయిదా తుదిరూపం దాల్చలేదు.

అదే దారిలో ఇంకాస్త ముందుకు

చేవెళ్ల, మన్నెగూడ దాటి అదే దారిలో పరిగి మీదుగా ముందుకెళితే కొడంగల్ వస్తుంది. 2024 నవంబరు 11న ఆ నియోజకవర్గంలోని లగచర్ల పేరు దేశమంతా వినబడింది. ఫార్మా విలేజ్ భూసేకరణకు అభిప్రాయ సేకరణ సభను ఊరి బయట దుద్యాల దగ్గర ఏర్పాటు చేశారు. జనం అక్కడికి రాకుండా తమ ఊళ్లోనే వినమన్నారు. ఊళ్లోకి వెళ్లిన కలెక్టర్, అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టులు, జైళ్లు, అర్ధరాత్రి తలుపులు తట్టారన్న గిరిజన మహిళల ఆవేదన. నెలాఖరుకల్లా ఫార్మా నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

అధికారి మీద చేయి చేసుకోవడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ వేదిక ఎక్కడ పెట్టామన్నది చిన్న విషయం కాదని ఆ రోజు రుజువైంది. పొలం పోతుందన్న భయంతో ఉన్న మనిషిని మీ మాట చెప్పడానికి కూడా మా దగ్గరికే రండి అంటే, నిర్ణయం అయిపోయిందనే అతనికి అర్థమవుతుంది.

దీనికి భిన్నమైన అనుభవమూ తెలంగాణకు అదే ఏడాది ఉంది. భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో తేబోయే భూమి హక్కుల చట్టం ముసాయిదాను ప్రభుత్వం 2024 ఆగస్టులో జనం ముందు పెట్టి సలహాలు అడిగింది. డిసెంబరులో భూభారతి బిల్లు ఆమోదం పొంది, 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. సాదాబైనామాలు, పాస్‌బుక్కుల్లో తప్పులు, అప్పీలుకు దిక్కులేనితనం వంటి బాధలు పడ్డవారికి ముందుగా అడిగారన్నదే కొంత ఊరట.

కేంద్రం కూడా 2014లో ఒక మంచి విధానం రాసుకుంది. చట్టం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని మంత్రిత్వశాఖ ప్రకటించాలి. అయితే అది విధానమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగేవారు లేరు.

పర్యావరణ సభల నిబంధనల్లో చాలామందికి తెలియని ఒక ఆణిముత్యం ఉంది. సభ ముగిసే ముందు, ఎవరెవరు ఏమన్నారో ఆ సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడికక్కడే చదివి వినిపించాలి. అందరూ ఔనన్న తర్వాతే కలెక్టరో, ఆయన తరఫు అధికారో సంతకం పెట్టాలి. మొత్తం వీడియో తీయాలి. కనీసం ఇంతమంది రావాలన్న కోరం లేదు, ఒక్కరొచ్చినా రాసుకోవాల్సిందే. ‘మా మాట రాసుకున్నరా సారూ?’ అని అడగడం బతిమాలడం కాదు, ఆ నిబంధన ఇచ్చిన హక్కు. మైకు కట్టేసి, టెంటు విప్పేసి జీపులు కదిలే తొందరలో ఆ చదివి వినిపించే ఘట్టం జారిపోకుండా పట్టుబట్టాల్సింది ఊరే. ఒక్క మెట్టు ఇంకా మిగిలి ఉంది. రాసుకున్న ప్రతి అభ్యంతరానికీ, ఒప్పుకున్నామో లేదో, లేదంటే ఎందుకో, తెలుగులో జవాబు ఆ ఊరి పంచాయతీ గోడ మీదికి రావాలి.

ఇప్పుడు ఈ ప్రాంతం ముందున్నది రీజినల్ రింగ్ రోడ్డు. దక్షిణ భాగం అలైన్‌మెంట్‌కు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) 2025 ఆగస్టు చివర్లో సర్వే నంబర్లు ప్రకటించి సెప్టెంబరు 15 వరకు అభ్యంతరాలు తీసుకుంది. సరిగ్గా వానాకాలం పంట పనుల రోజులవి. రైతులు పొలాలు వదిలి, బస్సులెక్కి నగరంలోని ఆఫీసుకు వెళ్లి వరుసల్లో నిలబడ్డారు. ఒక్కో అర్జీకి జతగా పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్ జిరాక్సు, చేతిరాతతో రెండు పేజీలు: బావి పోతుంది, తాతలనాటి సమాధి పోతుంది, మిగిలే ముక్కకు దారి ఉండదు.

కౌంటర్ దగ్గర అర్జీ ఇచ్చినవాళ్లు తిరిగి అడిగి తీసుకునేది రెండో ప్రతి. దాని మీద ‘రిసీవ్డ్’ ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ఉండాలి. ఇంటికొచ్చాక దాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో దాస్తారు. జవాబు వచ్చే రోజు చూపించడానికి.